వైల్డ్‌కార్డ్ మళ్లింపు

ఎవరూ నమోదు చేసుకోని వెబ్ చిరునామా టైప్ చేస్తే, 'అలాంటిది లేదు' అనే జవాబుకు బదులు మరో పేజీకి చేర్చడమే వైల్డ్‌కార్డ్ మళ్లింపు. మామూలుగా లేని పేరుకు, వెబ్ పేర్లను ఐపీ చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్ వ్యవస్థ 'ఎన్ఎక్స్‌డొమైన్' అనే సంకేతం పంపుతుంది. ఒక డొమైన్ విభాగంలోని పేర్ల జాబితాను నిర్వహించే రిజిస్ట్రీ ఆ జాబితాలో ఒక్క వైల్డ్‌కార్డ్ నమోదు చేర్చిందంటే చాలు, లేని పేర్లన్నీ ఒకే ఐపీ చిరునామాకు వెళ్తాయి. 2003 సెప్టెంబరు 15న వెరిసైన్ సంస్థ తాను రిజిస్ట్రీగా ఉన్న డాట్ కామ్, డాట్ నెట్‌లలో 'సైట్ ఫైండర్' పేరుతో చేసింది ఇదే. తప్పు టైప్ చేసినవారికి దారి చూపుతున్నామన్నది ఆ సంస్థ వాదన.

ట్రేడ్‌మార్క్ పేచీ ఎక్కడంటే, పేరున్న బ్రాండులో ఒక్క అక్షరం తప్పినా మళ్లించిన పేజీలో ప్రత్యర్థుల లింకులు కనిపించవచ్చు. ఆ తప్పు పేరును వేరెవరైనా దురుద్దేశంతో నమోదు చేసుకుంటే, డొమైన్ పేర్ల వివాదాల కోసం 1999లో వచ్చిన యూడీఆర్‌పీ విధానం కింద ఫిర్యాదు చేయొచ్చు. ఇక్కడ అసలు నమోదే లేదు. మరి ఫిర్యాదు ఎవరి మీద?

బ్రౌజర్ సంగతి అలా ఉంచితే, లేని పేర్లూ ఉన్నట్టే కనిపించడంతో, ఈమెయిల్ పంపినవారి డొమైన్ ఉందో లేదో చూసి స్పామ్‌ను ఆపే ఏర్పాట్లూ దెబ్బతిన్నాయి. డొమైన్ పేర్ల వ్యవస్థను సమన్వయం చేసే ఐకాన్ సంస్థ పట్టుబట్టడంతో అదే ఏడాది అక్టోబరు 4న వెరిసైన్ సైట్ ఫైండర్‌ను ఆపింది. కొత్త డొమైన్ విభాగాల రిజిస్ట్రీ ఒప్పందాల్లో ఇప్పుడు ఇలాంటి మళ్లింపుపై నిషేధం ఉంది. అయితే నెట్ కనెక్షన్ ఇచ్చే సంస్థలు తమ డీఎన్ఎస్ సర్వర్లలో ఇలాంటి పనే చేయగలవు. అక్షరం తప్పినప్పుడల్లా ప్రకటనల పేజీ వస్తోందంటే, డీఎన్ఎస్ సెట్టింగ్ మార్చి చూడండి.