జీవకణములు పెరుగు పొరలు

వేసవిలో కోసిగి వంటి మెట్టప్రాంతములలో క్రొత్తకుండ వెలుపల చెమర్చుట విద్యార్థులు ఎరిగినదే. కుండగోడలో కంటికి కానరాని రంధ్రము లుండుటయే ఇందుకు కారణము. ఇట్టి రంధ్రములను ఇంకను సూక్ష్మముగా పలుచని పొరలలో కల్పించి, వానిపై జీవకణములను పెంచుచున్నారు.

జంతుకణము వెడల్పు సుమారు 10 మైక్రోమీటర్లు, అనగా 10,000 నానోమీటర్లు. పొరలోని రంధ్రము 100 నానోమీటర్లైనచో అది కణములో నూరవవంతు మాత్రమే. అందుండి కణము జారిపోజాలదు. గ్లూకోజు, ఆక్సిజను అణువులు మిక్కిలి చిన్నవి గనుక సులభముగా దాటిపోవును. గాజుపాత్రలోని కణములకు పైనుండియే ఆహారము. ఇట్టి పొరపై వానికి అడుగునుండి కూడ అందును.

దీని ప్రయోజన మేమి? కంటిలో సున్నమో, ఆమ్లమో పడినప్పుడు నల్లగ్రుడ్డు అంచుననున్న మూలకణములు నశించవచ్చును. కార్నియా పైపొరను నిత్యము పునరుద్ధరించునవి ఇవియే. అవి లేనిచో రక్తనాళములతో కూడిన పొర కార్నియాను కప్పి చూపు పోవును. అట్టి కంటికి దాత కార్నియాను మాత్రమే అమర్చినను నిలువదు.

హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో 2001 నుండి, రోగి యొక్క మంచికంటి అంచునుండి చిన్నముక్క తీసి, ఉల్బముపై, అనగా గర్భమున శిశువును చుట్టియుండు పొరపై, కణములను పెంచి, దెబ్బతిన్న కంటికి అమర్చిరి. 2011లో ప్రకటించిన ఫలితములలో 200 మంది రోగులలో 71 శాతమునకు చికిత్స సఫలమైనది.

అయితే ఉల్బము దాతనుబట్టి మారును. వ్యాధులు లేవని పరీక్షింపవలెను. అందుచే ఈ సంస్థవారును, ఇంగ్లండులోని షెఫీల్డు విశ్వవిద్యాలయమువారును కృత్రిమపొరను పరీక్షించి 2013లో ఫలితములను ప్రకటించిరి. లాక్టికామ్ల, గ్లైకాలికామ్లముల పాలిమరును అధిక విద్యుత్పీడనముతో సన్ననిపోగులుగా వడికి ఈ పొరను చేయుదురు. దీని సందులు నానోరంధ్రములకంటె పెద్దవి. అయినను పరీక్షించు పద్ధతి యొక్కటియే.

కడిగినను కణములు అంటియుండునా? దినదినము వాని సంఖ్య పెరుగునా? ట్రిపాన్ నీలిరంగు చచ్చిన కణములలోనికే చొచ్చును గనుక బ్రతికినవెన్నో తెలియును. అవే కణములను సాధారణ పాత్రలోను పెంచి పోల్చవలెను. లేనిచో గుణము పొరదో, కణములదో తేలదు.

ప్రయోగశాలలో నెగ్గిన పొర లన్నియు కంటికి పనికిరావు. నానోరంధ్రముల అల్యూమినా పొర అధ్యయనమునకు అనుకూలమే, కాని కంటిలో కరగదు. పాలిమరు పొర కణములు నిలద్రొక్కుకొనిన పిదప క్రమముగా కరగిపోవును. చికిత్సకు కావలసిన గుణమదియే.