బహుదిన యాత్రలో రాత్రి బస

మన పాఠశాల విడిచిన బాలురును బాలికలును ఉద్యోగ పరీక్షలకనియు, నర్సు శిక్షణకనియు, దేశము చూడవలెననియు ఇప్పుడు నెలల తరబడి ఊరు విడిచి తిరుగుచున్నారు. వారి తల్లిదండ్రులు మమ్ము అడుగునది రైలు ఛార్జీని గూర్చి కాదు. “రాత్రిపూట ఎక్కడ పడుకుంటాడండీ, మాస్టారూ?” అని అడుగుదురు. ఆ ప్రశ్న సరియైనదే. ఛార్జీ ఒక్కసారి ఇచ్చినచో తీరును. రాత్రి ప్రతి దినమును వచ్చును. రాత్రికి ఐదువందల రూపాయల గదియైనను ముప్పది దినములకు 15,000 రూపాయలగును. దీర్ఘయాత్రకు చేతిలోని సొమ్ము చాలునో చాలదో బసవలననే తేలుచున్నది.

ఈ చిక్కు మనదేశమునకు క్రొత్తది కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరము మే నెలలో చెన్నపట్టణమునుండి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చిరి. పరివారమును గుడారములును వెంటనుండినను, దారిలోని సత్రములనుగూర్చియు, దొరకు సామగ్రినిగూర్చియు వారు వ్రాసికొనుచు పోయిరి. ఆ కాలమున పుణ్యార్థము కట్టించిన సత్రములే బాటసారికి ఆధారము. కోనసీమలోని లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు 1909లో కాలము చేయువరకు బాటసారులకు అన్నము పెట్టిన సంగతి ఆ సీమవారు నేటికిని చెప్పుకొందురు.

అయితే ఉచితమైన బస యనగా అందరికిని తెరచిన తలుపని తలంపరాదు. కట్టించినవారు ఎవరిని ఉద్దేశించి కట్టించిరో వారికే అది సత్రము. మన విద్యార్థులలో పెక్కండ్ర తాతలు అట్టి అరుగులు ఎక్కుటకే వీలు లేకుండెను. డాక్టరు అంబేద్కరుగారు అమెరికాలోను ఇంగ్లండులోను చదివి, 1917లో బరోడా సంస్థానమున కొలువు చేయ వచ్చినప్పుడు, ఆ పట్టణమున వారికి బస దొరకలేదు. పార్శీల సత్రమొకదానిలో పార్శీ పేరు వ్రాయించుకొని కొన్ని దినములు గడపిరి. అంతట కఱ్ఱలు చేతబట్టిన పార్శీలు వచ్చి వారిని వెడలనడచిరి. చదువు, ఉద్యోగము, బాడుగ ఇచ్చుటకు డబ్బు, అన్నియు కలవానికే ఆ గతి పట్టెను.

ఇప్పుడు చట్టము వేరు. సర్వజనులకు ఏర్పడిన ధర్మశాలలు, సరాయిలు, ముసాఫరుఖానాలలో అస్పృశ్యతపేర ఎవరినైనను రానీయకుండుట 1955వ సంవత్సరపు చట్టముచేత నేరమైనది. కావున మన పిల్లలు తలవంచుకొని అడుగనక్కరలేదు. పుణ్యక్షేత్రములలో కులముపేర నడచు సత్రములు మాత్రము నేటికిని కలవు. లోనికి పోకముందే పలక చదువుకొనుట మేలు.

ఏ మతస్థుడని అడుగక చోటిచ్చువారిలో సిక్కులను ముందు చెప్పవలెను. అమృతసరమున స్వర్ణదేవాలయముకడ యాత్రికులకు సరాయిలు కలవు. లంగరులో రేయింబవళ్లు భోజనము పెట్టుదురు. తల కప్పుకొనవలెను, పొగాకు, మద్యము కూడదు. అక్కడ బస కొలది రాత్రులకే గాని నెలకు కాదు. తిరుమలలోను గది దొరకని యాత్రికులకు ఉచిత వసతి సముదాయములును, సామాను పెట్టుకొను లాకర్లును కలవు. అవి దర్శనార్థము వచ్చువారికొరకు. ఊరు చూచుటకు మాత్రమే వచ్చినవాడు ఆ చోటు ఆక్రమించుట న్యాయము కాదని మా యభిప్రాయము. ఒంటరిగా వచ్చినవానికి గది ఈయకుండుట పెక్కు సత్రములలో వాడుక. దానికి కోపగించుకొనక, పెక్కుమంది కలిసి పండుకొను హాలు కలదేమో అడుగవలెను.

పెద్ద రైలుస్టేషనులలోని రిటైరింగు రూములను మనవారు తగినంతగా వాడుకొనుట లేదు. టిక్కెట్టు కలవారికే అవి ఇత్తురు. డార్మిటరీలోని మంచము హోటలు గదికంటె చాల చౌక. అర్ధరాత్రి దిగిన బాలిక చీకటిలో ఊరిలోనికి పోనక్కరలేదు. ఆడపిల్లలు కొన్నాళ్లు ఉండవలసిన పట్టణములలో వై.డబ్ల్యు.సి.ఏ. వసతిగృహమునకు ముందుగా ఉత్తరము వ్రాసి విచారించుట మంచిది.

యూత్ హాస్టళ్ల కథ ఉపాధ్యాయులమైన మాకు ప్రియమైనది. జర్మనీలో రిచర్డ్ షిర్‌మన్ అను బడిపంతులు 1909లో పిల్లలను నడిపించుకొని పోవుచుండగా గాలివాన పట్టుకొనెను. ఒక బడిలో తలదాచుకొని, సెలవులలో ఊరకయుండు బడిగదులు బాటసారులగు పిల్లలకు ఏల పనికిరాకూడదని ఆయన ఆ రాత్రి ఆలోచించెను. 1912లో ఆల్టెనా పట్టణపు కోటలో మొదటి హాస్టలు స్థిరపడెను. నేడు అనేక దేశములలోను మనదేశములోను అట్టివి కలవు. ఒక్కొక్క గదిలో పలువురు పండుకొందురు గనుక బాడుగ స్వల్పము. మన బడిగదులును వేసవిలో రెండు నెలలు తాళము వేసియే యుండునని ఇక్కడ జ్ఞాపకము చేయుచున్నాము.

డబ్బుకు బదులు పని ఇచ్చి బస పొందుటయు కలదు. 1971లో ఇంగ్లండులో పుట్టిన వూఫ్ అను ఏర్పాటు ప్రకారము, సేంద్రియ వ్యవసాయదారుని పొలమున దినములో కొంతసేపు పనిచేసినవానికి అన్నమును పడకయు దొరకును. నెలలు తిరుగువారికి ఇది మిక్కిలి అనుకూలము. కాని ఎన్ని గంటల పని, వారమునకు ఎన్ని సెలవులు, ఎట్టి గది అనునవి పోకముందే వ్రాతలో తేల్చుకొనవలెను. లేనిచో బస ఉచితము కాదు, కూలియే ఉచితమగును. విదేశములలో ఇట్టి పనినిగూడ ఉద్యోగముగానే ఎంచి, సందర్శకుల వీసాపై ఒప్పుకొనని ప్రభుత్వములు కలవు. పరాయి ఇంట అతిథిగా ఉండుటకు అంతర్జాలముద్వారా కుదుర్చుకొనువారు, ముందుగా అక్కడ ఉండివచ్చినవారి మాటలు చదివి, ఆ ఇంటి చిరునామా తల్లిదండ్రులకు పంపవలెను. మొదటి రాత్రి అక్కడ మనసు కుదురనిచో వేరొక చోటికి పోవుటకు చాలినంత సొమ్ము విడిగా దాచుకొనవలెను. ఈ సొమ్ము విషయములో పిసినితనము పనికిరాదు.

ఒకే ఊర మూడు నాలుగు వారములు ఉండదలచినవాడు దినబాడుగ అడుగక నెలబాడుగ అడుగవలెను. రెంటికిని చాల వ్యత్యాసముండును. ఇక వెంట ఉండవలసినవి: ఆధారు కార్డు అసలును రెండు నకళ్లును, ఒక దుప్పటి, చెంబు, మంచి తాళముకప్ప. సత్రములలో పెట్టెలుండును గాని తాళములు మనమే తెచ్చుకొనవలసియుండును.