ఎర్ర సిలిండరుకు కాంటా

మాది కర్దనూర్, వ్యవసాయ కుటుంబం. మా మండలంలోనే, పాశమైలారంలో, 2025 జూన్ 30న జరిగిన పేలుడులో 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. అంతటి పేలుడును చిన్న సిలిండరు ఆపలేదు. మొదలయ్యే మంటనైతే ఆపుతుంది. అందుకే సెలవుల్లో ఆ సిలిండర్ల తనిఖీ నేర్చుకున్నాను.

పొడి సిలిండరు మీటరులో ముల్లు ఆకుపచ్చ భాగంలో ఉంటే చాలావరకు నిశ్చింత. కార్బన్ డయాక్సైడ్ సిలిండరుకు మాత్రం మీటరుండదు. లోపలిది ద్రవం. 31 డిగ్రీల లోపు వేడిలో, ద్రవం కొంచెం మిగిలున్నా పీడనం తగ్గదు. ఎంత ఉందో తూకమే చెప్పాలి. గ్యాసు బరువు 10 శాతానికి మించి తగ్గితే మళ్ళీ నింపించాలి.

నేను తూచినవాటిలో ఒకటి దాదాపు ఖాళీ! రంగు మాత్రం నిగనిగలాడుతోంది.

మా నాయిన విత్తనాల బస్తాను కాంటా పెట్టనిదే కొనడు. సోదర విద్యార్థులారా, మన ప్రయోగశాల గోడనున్న సిలిండరును చివరిసారి ఎప్పుడు తూచారో అడుగుదామా?