ఢిల్లీ కారు, హైదరాబాద్ లెక్క

ఢిల్లీలో ఒకాయన కారు 5.5 లక్షలకు ఇస్తానంటున్నాడు. అలాంటిదే హైదరాబాద్‌లో 6.5 లక్షలు. ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలే గానీ, చాలామంది ఈ లక్ష తేడా చూసే రైలెక్కేస్తారు. తెలంగాణలో మన పేరు మీదికి మార్చుకోవాలంటే లైఫ్ ట్యాక్స్ కట్టాలి. దాన్ని మనమిచ్చిన ధర మీద కాక, కారు కొత్తగా కొన్నప్పటి ధర మీద వేస్తారు. కారు వయసు పెరిగేకొద్దీ శాతం తగ్గుతుంది. అప్పట్లో అది 10 లక్షల కారు, ఇప్పుడు పడే పన్ను 10 శాతం అనుకుందాం. మిగిలిందనుకున్న లక్ష అక్కడికక్కడే చెల్లు. దాదాపు 1,600 కిలోమీటర్ల రవాణా ఖర్చు, ఏజెంటు ఫీజు దీనికి అదనం. అందుకే ముందు పాత ఇన్వాయిస్ ఫొటో తెప్పించుకుని, పన్నెంతో ఆర్టీఏ ఆఫీసులో కనుక్కోవాలి. ఢిల్లీలో కట్టిన పన్నులో కొంత వాపసు అడగొచ్చు. కానీ ఆ డబ్బు చేతికొచ్చేదాకా లెక్కలో వేసుకోకపోవడమే మేలు.

అక్కడ ధర తక్కువ ఉండటానికి కారణముంది. పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్లు తిరగకూడదని 2015లో హరిత ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2025లో కొంత సడలింపు వచ్చినా, ఎనిమిదేళ్ల డీజిల్ కారున్నవాళ్లకు అమ్మేయాలన్న తొందర ఉంటుంది.

ఇక కాగితాలు. వేరే రాష్ట్రం బండిని 12 నెలలు తిప్పుకోవచ్చన్న మాట మనవాళ్ల నోట తరచూ వినిపిస్తుంది. అది నంబరు మార్చుకోవడానికి చట్టమిచ్చిన గడువు. కొన్నవాళ్లు మాత్రం 30 రోజుల్లోపే తమ ఆర్టీవోకి యాజమాన్య మార్పు తెలియజేయాలి. కారు వేరే రాష్ట్రానికి వెళ్తుంటే, అమ్మినాయన 45 రోజుల్లో ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం) తెచ్చి, బదిలీ జరిగే ఆర్టీవోకి పంపాలి. ఎన్‌వోసీకి ఫారం 28, బదిలీకి ఫారం 29, 30. బ్యాంకు రుణం తీరిపోయినా ఆర్‌సీలో హైపోథికేషన్ (బ్యాంకు తాకట్టు) అలాగే ఉండిపోతుంది, దాన్ని తీయించడానికి ఫారం 35. చలాన్లు బాకీ ఉంటే ఎన్‌వోసీ దగ్గరే బండి ఆగుతుంది. పరివాహన్ పోర్టల్లో ఆర్‌సీ, ఈ-చలాన్ సైట్లో జరిమానాలు, దొంగబండి కాదని ఎన్‌సీఆర్‌బీ పోర్టల్ రిపోర్టు: ఈ మూడూ ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు.

కారు దగ్గరికెళ్లాక ఆర్‌సీలోని 17 అంకెలు, అక్షరాల చాసిస్ నంబరును బండి మీద చెక్కిన నంబరుతో ఒక్కొక్కటిగా సరిచూడాలి. మీటరు 28,000 చూపిస్తోందా? టైరు పక్కగోడ మీద నాలుగంకెలు వెతకండి. 2322 అని ఉంటే అది 2022లో 23వ వారం తయారైన టైరు. 2018 కారుకు నాలుగు టైర్లూ 2022వే అయితే, అంత తక్కువ తిరుగుడుకు టైర్లెందుకు మార్చారో అడగాల్సిందే. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. వరదలో మునిగిన బండైతే, పైన ఎంత తళతళలాడినా బెల్టు అడుగు మడతల్లో బురద చార ఉండిపోతుంది. 2023 జులైలో యమున ఢిల్లీలోకి వచ్చిందని మరవొద్దు.

‘ఆర్మీలో ఉన్నా, బదిలీ అయింది, కారు ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో ఉంది, టోకెన్ పంపండి’ అంటే ఫోన్ పెట్టేయండి. మోసగాళ్ల పాత పాటే అది. డబ్బంతా బ్యాంకు ద్వారానే ఇవ్వాలి. 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. తీసుకున్నవాళ్లకు అంతే మొత్తం జరిమానా పడొచ్చు. ధరలో చెప్పుకోదగ్గ భాగం ఎన్‌వోసీ చేతికొచ్చేదాకా ఆపడం కాస్త మొండితనంలా కనిపించినా, అమ్మినాయన ఆర్టీవో మెట్లెక్కేది దానికోసమే.

బీమా విషయంలో చాలామంది పొరబడతారు. థర్డ్ పార్టీ రక్షణ బండితోపాటే మనకొస్తుంది. సొంత నష్టం క్లెయిమ్ మాత్రం పాలసీ మన పేరు మీదికి మారితేనే. అందుకు దరఖాస్తు గడువు 14 రోజులు. అమ్మినాయనకున్న నో క్లెయిమ్ బోనస్, అది 50 శాతమైనా సరే, ఆయనతోనే పోతుంది, కాబట్టి ప్రీమియం పెరుగుతుంది. కారును మీరే నడుపుకుంటూ తెచ్చేట్టయితే, ఢిల్లీ దాటకముందే పాలసీ మార్పు పూర్తి చేయించుకోండి.