పట్టుచీరకు తగిన వెలుతురు

గోదావరి, మంజీర, హరిద్ర కలిసే కందకుర్తి ఉన్నది నిజామాబాద్ జిల్లా రెంజల్ మండలంలో. ఆ చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లి కుదిరితే చిన్నాచితకా బట్టలు బోధన్‌లో కొన్నా, పెళ్లికూతురి పట్టుచీరకు నిజామాబాద్‌లోని పెద్ద షోరూంకు వెళ్లే కుటుంబాలు చాలా ఉన్నాయి. షోరూంలో చీర రంగు అందరికీ నచ్చుతుంది. మ్యాచింగ్ సెంటర్‌లో జాకెట్ ముక్క, ఫాల్ సరిగ్గా కలిసినట్టే కనిపిస్తాయి. ఇంటికొచ్చి వాకిట్లో విప్పి చూస్తే చీర వంకాయ రంగులో ఉంటే జాకెట్ ముక్క కాస్త ఎర్రబడి ఉంటుంది. ఇందులో దుకాణదారు మోసం లేదు, కొన్నవారి చూపులో లోపమూ లేదు. అక్కడి వెలుతురుకూ ఇక్కడి వెలుతురుకూ ఉన్న తేడా అది. ఒక సంస్థ తన ప్రధాన షోరూం కట్టుకునేటప్పుడు ఫాల్స్ సీలింగ్‌కూ అద్దాలకూ చూపే శ్రద్ధ లైట్ల ఎంపికలోనూ చూపాలి. ఆడంబరం కోసం కాదు, కొన్న రంగే ఇంటికి చేరడం కోసం.

గుడ్డ తనపై పడిన కాంతిలో కొన్ని తరంగదైర్ఘ్యాలను పీల్చుకుని మిగిలినవాటిని తిప్పి పంపుతుంది. వాటిని అందుకునే శంకు కణాలు మన కంటిలో మూడే రకాలు. వర్ణపటం ఎంత విస్తారమైనదైనా మెదడుకు చేరేసరికి అది మూడు సంకేతాలుగా కుదించుకుపోతుంది. కాబట్టి వేర్వేరు అద్దకాలు ఒక లైటు కింద అవే మూడు సంకేతాలిచ్చి ఒకే రంగుగా కనిపించవచ్చు. లైటు మారగానే తేడా బయటపడుతుంది. దీనికి మెటామెరిజం అని పేరు. పట్టుకు సాధారణంగా ఆసిడ్ రంగులు, నూలుకు రియాక్టివ్ లేదా వ్యాట్ రంగులు, పాలిస్టర్‌కు డిస్పర్స్ రంగులు వాడతారు. పట్టుచీరకు పాలిస్టర్ కలిసిన జాకెట్ ముక్కను జతచేయడమంటే రసాయనికంగా ఏ సంబంధమూ లేని రెండు అద్దకాలను కలపబోవడమే. గద్వాల చీరలోనైతే ఈ చిక్కు ఒకే చీరలో ఉంటుంది. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెండుచోట్లా ఒకే రంగు కావాలంటే అద్దకం వేసేవారికి అది నిజమైన పరీక్ష.

ఇప్పుడు షోరూంలన్నీ ఎల్‌ఈడీలతోనే వెలుగుతున్నాయి. తెల్లని ఎల్‌ఈడీకి దారి చూపింది నీలి ఎల్‌ఈడీ. దాన్ని సాధించిన ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజి నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి దక్కింది. సాధారణ తెల్ల ఎల్‌ఈడీలో సుమారు 450 నానోమీటర్ల నీలి కాంతినిచ్చే చిప్పు ఉంటుంది. దానిపై పూసిన ఫాస్ఫర్ ఆ నీలంలో కొంత భాగాన్ని పసుపుగా మారుస్తుంది. రెండూ కలిసి కంటికి తెలుపే. కానీ ఆ తెలుపును విడదీసి చూస్తే నీలం దగ్గర ఒక శిఖరం, దాని పక్కన ఒక పల్లం, పసుపు దగ్గర వెడల్పైన గుట్ట కనిపిస్తాయి. ముదురు ఎరుపు వైపు వెళ్లేకొద్దీ కాంతి పలచబడిపోతుంది. మన పెళ్లిళ్లకు ప్రాణమైన కుంకుమ ఎరుపు, మెరూన్ తమ కళ కోసం ఆధారపడేది సరిగ్గా ఆ భాగం మీదే.

లైటు పెట్టెపై సీఆర్ఐ అనే అంకె ఉంటుంది. ఎనిమిది లేత రంగుల నమూనాలు ఆ లైటు కింద ఎంత సహజంగా కనిపిస్తాయో చూసి తీసిన సగటు అది. గాఢమైన ఎరుపు ఆ ఎనిమిదిలో లేదు. దాన్ని ఆర్9 పేరుతో విడిగా కొలుస్తారు. సీఆర్ఐ 80 ఉన్న లైటుకు ఆర్9 సున్నాకు దగ్గరగా ఉండటం మామూలే. 2015లో మొదలైన ఉజాలా పథకంతో ఇంటింటికీ చేరిన ఎల్‌ఈడీ బల్బుల లక్ష్యం కరెంటు ఆదా. ఆ పని అవి చక్కగా చేశాయి. పట్టుచీరల కౌంటరు అవసరం వేరు. అక్కడ సీఆర్ఐ 90కి పైన, ఆర్9 కనీసం 50 ఉండాలని షోరూం యజమాని రాతపూర్వకంగా అడగాలి. వెలుగు కొంత తగ్గుతుంది, ధర కొంత పెరుగుతుంది. లక్షల విలువైన సరుకు అమ్మేచోట ఆ ఖర్చు పెద్దది కాదు.

తెల్ల చొక్కాలు, పంచెల విభాగంలో సమస్య మరోలా ఉంటుంది. మిల్లు నుంచి వచ్చే చాలా తెల్ల బట్టలపై నిగారింపు రసాయనాలుంటాయి. అవి కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని నీలి కాంతిగా విడుదల చేస్తాయి. ఇంట్లో వాడే నీలిమందు అలా కాదు. పసుపు ఛాయను అణచడమే తప్ప అది కొత్త కాంతినివ్వదు. సాధారణ ఎల్‌ఈడీలో అతినీలలోహితం దాదాపు లేదు కాబట్టి ఎండలో తళతళలాడే చొక్కా షోరూంలో నీరసంగా కనిపిస్తుంది. నీలి చిప్పుకు బదులు ఊదా చిప్పున్న ఎల్‌ఈడీలు ఈ లోటును చాలావరకు తీరుస్తాయి.

ఇక జరీ. పట్టుపోగును అడ్డంగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే మూలలు గుండ్రబడిన త్రిభుజంలా ఉంటుంది. దాని నిగనిగకు ఆ ఆకారం ఒక కారణం. జరీలో దారం చుట్టూ చుట్టుకున్న సన్నని లోహపు రేకు ప్రతి మలుపులోనూ చిన్న అద్దమే. సీలింగ్ నిండా ప్యానెల్ లైట్లు బిగిస్తే కాంతి అన్ని వైపుల నుంచీ సమానంగా పడి ఆ అద్దాలకు మెరిసే అవకాశం ఉండదు. జరీ వట్టి పసుపు దారంలా కనిపిస్తుంది. ఏటవాలుగా ఒక ఫోకస్ లైటు పడితే కొంగు విప్పి కాస్త ఆడించగానే మెరుపు కదులుతుంది. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగుగా నేసిన నెమలికంఠం చీర నీలం నుంచి పచ్చకు మారడం చూడాలన్నా అలాంటి కాంతే కావాలి. అయితే ఆ ఫోకస్ ఎదురుగా కూర్చున్న పెద్దవాళ్ల కళ్లలో పడకూడదు.

కాంతి ఛాయ విషయానికొస్తే, ట్యూబులైట్లకు అలవాటుపడి మనం 6500 కెల్విన్ల తెల్ల లైటునే మంచి వెలుగు అనుకుంటాం. షోరూం అంతటా 4000, జరీ కౌంటర్ల దగ్గర 3000 చాలునని నా అభిప్రాయం. లైట్ల సంఖ్య కూడా అవసరానికి మించకూడదు. ఎండాకాలం నిప్పులు చెరిగే నిజామాబాద్‌లో లైట్లు వాడే ప్రతి వాటూ చివరికి ఏసీ మీద పడే వేడే.

అన్నిటికన్నా నేను గట్టిగా కోరేది మ్యాచింగ్ కౌంటరు దగ్గర ఒక లైట్ బాక్స్. బట్టల మిల్లుల్లో, ఎగుమతి సంస్థల్లో రంగు తనిఖీకి దీన్ని ఏళ్లుగా వాడుతున్నారు. ఒక మీట నొక్కితే పగటి వెలుగును పోలిన డీ65, ఇంకోటి నొక్కితే ఒకప్పుడు దుకాణాల్లో ఉండే ఫ్లోరసెంట్ కాంతి టీఎల్84, మరొకటి నొక్కితే పాత ఫిలమెంట్ బల్బు లాంటి ‘ఏ’ కాంతి. చీరనూ జాకెట్ ముక్కనూ పక్కపక్కన పెట్టి మూడింటి కిందా చూస్తే జత నిలుస్తుందో లేదో నిమిషంలో తేలిపోతుంది. చీర కట్టుకునే చోట వెలుతురు మన చేతిలో ఉండదు మరి. పగటి ముహూర్తానికి ఎర్ర షామియానా వేస్తే కిందికి దిగే ఎండే ఎర్రగా ఉంటుంది. రాత్రి రిసెప్షన్ వేదికపై రంగుల ఫోకస్ లైట్లుంటాయి.

షోకేసు సంగతీ చూడాలి. రంగు వెలిసిపోకుండా పట్టువస్త్రాలను 50 లక్స్ దాటని వెలుగులో ఉంచాలన్నది మ్యూజియంలు పాటించే నియమం. ఏడాదిలో 3000 గంటలు అలా ప్రదర్శిస్తే అది లక్షన్నర లక్స్-గంటలవుతుంది. షోరూం బొమ్మపై 1000 లక్స్ వెలుగు రోజుకు పది గంటలు పడితే 15 రోజుల్లోనే ఆ లెక్క నిండుతుంది. పడమటి ఎండ పడే అద్దమైతే ఇంకా త్వరగా. కాబట్టి బొమ్మకు కట్టిన చీరను తరచుగా మార్చాలి, అద్దానికి అతినీలలోహితాన్ని ఆపే ఫిల్మ్ అంటించాలి.

ఈ జిల్లా నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారు ఎందరో. చీర ఎంపికలో తండ్రో అన్నో దుబాయ్ నుంచి వీడియో కాల్‌లో పాల్గొనడం ఇప్పుడు మామూలైంది. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి నాసిరకం డ్రైవరు (కరెంటును లైటుకు తగ్గట్టు మార్చి అందించే భాగం) ఉన్న ఎల్‌ఈడీ సెకనుకు వందసార్లు మినుకుతుంది. ఆ మినుకు కంటికి తెలియకపోయినా ఫోన్ తెరపై నల్లటి అడ్డచారలై పాకుతుంది. లైట్లు బిగించిన రోజే ఫోన్ కెమెరాతో చూసి, చారలు కనిపిస్తే డ్రైవర్లు మార్పించాలి. పైగా తెర నిండా ఎర్రచీర ఉన్నప్పుడు కెమెరా తనంతట తానే తెలుపును సవరించుకుని ఎరుపును తగ్గించేస్తుంది. నిగారింపు రసాయనం లేని తెల్ల నూలుగుడ్డ ఒకటి చీర పక్కన పరిచి చూపిస్తే కెమెరా దారి తప్పడం తగ్గుతుంది, అవతలివారు ఆ తెలుపును బట్టి చీర రంగును అంచనా వేసుకోగలుగుతారు.