కూత దగ్గర దొరికిపోతారు

పీఈటీగా నేను కబడ్డీ పిల్లల్లో ముందు చూసేది కూత. గీత దాటగానే కూత తెగిపోయిన పదో తరగతి కుర్రాణ్ణి పక్కకు పిలిస్తే, నోట్లో సోంపు వాసన, వేలి కొసన పసుపు మరక. "రోజుకు ఒక్కటే సార్, కావాలంటే రేపే మానేస్తా" అంటాడు. అంత తేలిక కాదు. దమ్ము లాగిన 10, 20 సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. 25 ఏళ్ల దాకా ఎదిగే మెదడు దానికి తొందరగా లొంగిపోతుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడేమో రక్తంలో ఆక్సిజన్ చోటు ఆక్రమిస్తుంది. ఇక కూత ఎక్కడ నిలుస్తుంది?

మా నిజామాబాద్ వైపు అమ్మలు చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడతారు. అందుకేనేమో, "తునికాకే కదా సార్" అని ఇంకో వాదన. ఆ ఆకు సరిగా మండదు. ఆరిపోకుండా గట్టిగా, మాటిమాటికీ పీల్చాలి, తారు అంత లోపలికి పోతుంది. ఫిల్టరు కాపాడుతుందన్నదీ భ్రమే. వేప్ (ఈ-సిగరెట్)లోది ఉత్త ఆవిరేనట! ఆ వేప్‌నే 2019లో దేశమంతా నిషేధించారు.

18 ఏళ్లలోపు వారికి, బడికి 100 గజాల లోపల పొగాకు అమ్మకూడదని 2003 చట్టం. పాన్ డబ్బాలో విడి సిగరెట్టు, తాడుకు వేలాడే లైటరు మాత్రం ఎవరికైనా అందుతాయి.

మానేటప్పుడు మొదటి వారం చిరాకు, నిద్రలేమి మామూలే. మానడానికి సాయం కావాలంటే 1800-11-2356కు ఫోన్ ఉచితం.