కార్జంలో గండి

మీ కుడివైపు పక్కటెముకల కింద చెయ్యి పెట్టి చూడండి. అక్కడ కాలేయం ఉంటుంది. మనం కార్జం అంటాం. పెద్దవాళ్ళలో సుమారు కిలోన్నర బరువు. నిమిషానికి లీటరున్నర దాకా రక్తం దానిలోకి పోతుంది.

మనలో చాలామంది పల్లెల నుంచి వచ్చినవాళ్ళమే. పొలానికి నీళ్ళు ఎలా పారతాయో తెలుసు. కాలువ నీరు బోదెల్లోకి రావాలి. మడి తడవాలి. ఆ తర్వాతే వాగులో కలవాలి. మధ్యలో గండి పడితే? నీరు మడి తడపకుండానే వాగులోకి పోతుంది. కాలేయంలోనూ కొందరికి ఇలాగే జరుగుతుంది. మంచి రక్తనాళం, చెడు రక్తనాళం నేరుగా కలిసిపోతాయి. అప్పుడు గుండెకు పని ఎక్కువవుతుంది.

ఇది ఎక్కువగా తల్లిదండ్రుల నుంచి వచ్చే ఒక జబ్బులో కనిపిస్తుంది. ఆ జబ్బు సుమారు 5,000 మందిలో ఒకరికి ఉంటుంది. దాని వల్ల కాలేయంలో తిప్పలు మగవాళ్ళ కన్నా ఆడవాళ్ళకే ఎక్కువ. కాగితం మీద 'ఆస్లర్ వెబర్ రెండు' అని రాస్తారు. ఈ 'రెండు' అంకె కాదు. 1896లో ఈ జబ్బు గురించి రాసిన ఫ్రాన్సు డాక్టరు పేరు.

ముక్కులోంచి రక్తం కారితే 'వేడి చేసింది, మజ్జిగ తాగు' అంటాం. కాని మాటిమాటికీ కారుతుంటే? పెదాల మీద, నాలుక మీద ఎర్ర చుక్కలుంటే? అమ్మకో నాన్నకో కూడా ఇలాగే ఉంటే? అప్పుడు డాక్టరుకు చెప్పాలి.

ఎ.ఎస్. రావు నగర్‌లో స్కానింగు తీయించుకున్నారనుకోండి. కాలేయంలో ఇలాంటి గండి ఉందని తేలింది. గుండె గుభేలుమంటుంది. డాక్టరేమో 'ఆపరేషన్ వద్దు, మళ్ళీ వచ్చి చూపించుకో' అన్నారు. 'పైసలు లేవని పొమ్మంటున్నారు. పుస్తెలమ్మైనా కోయించుకుంటా' అనుకుంటారు కొందరు. ఆగండి. వద్దనడంలో అర్థముంది.

ఈ గండ్లు చాలామందిని ఏ బాధా పెట్టవు. తొందరపడి ఆ నాళాన్ని మూసేస్తే, కాలేయంలోని పైత్య నాళాలకు రక్తం అందదు. అవి చచ్చుబడవచ్చు. సూదితో ముక్క తీసినా రక్తం ఆగకుండా కారవచ్చు. అందుకే నిపుణులు అది కూడా వద్దంటారు.

కొయ్యకపోతే వైద్యం లేనట్టు కాదు. ఆయాసం, కాళ్ళ వాపు ఉంటే ఉప్పు తగ్గించమంటారు. ఆవకాయ కూడా తగ్గించాల్సిందే, కష్టమే మరి! ఒంట్లో నీరు తీసే బిళ్ళలు ఇస్తారు. రక్తం తక్కువైతే ఐరన్ బిళ్ళలు ఇస్తారు. గుండెకు స్కానింగు చేస్తారు. ఈ మందులతోనే చాలామంది తేరుకుంటారు. ఏ మందుకూ లొంగని కొద్దిమందికే కాలేయం మార్చడం దాకా వెళ్తారు.

కడుపుతో ఉంటే మొదటి నెలల్లోనే ఈ సంగతి చెప్పండి. అప్పుడు ఒంట్లో రక్తం పెరుగుతుంది, గుండెకు బరువూ పెరుగుతుంది. పసరు మందు తాగకండి. నొప్పి బిళ్ళలు అడక్కుండా మింగకండి. రక్తం కక్కినా, విరేచనం తారులా నల్లగా అయినా, పడుకుంటే ఊపిరాడకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇ.ఎస్.ఐ. కార్డు ఉన్నవాళ్ళకు నాచారంలో ఆసుపత్రి ఉంది. గాంధీ, ఉస్మానియా, నిమ్స్‌లలో కాలేయం డాక్టర్లు ఉన్నారు. ఎక్కడికి వెళ్ళినా పాత స్కానింగు కాగితాలు వెంట తీసుకెళ్ళండి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూస్తేనే గండి పెరిగిందో లేదో డాక్టరుకు తెలుస్తుంది.